ఖాళీ రేంజ్ సంగతేమిటి

మత్సుఎ,
డిసెంబరు, రెండో ఆదివారం.

చిరంజీవి కజుమాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నాన్న ఫొటో ముందు పొద్దున్నే టీ పెడుతున్నావా అని అడిగావు. పెడుతున్నాను. ఆయన తాగకపోతే చల్లారాక నేనే తాగుతున్నాను. నువ్వక్కడ క్షేమమని మాత్రం రాయకు, నీ వేళ్ళు కళ్ళతో చూసేదాకా నేను నమ్మను.

కవరు మీద మఠంవాళ్ళు నీకు పెట్టిన పేరే రాశాను, సోగాకు అని. లోపల మాత్రం కజుమా అనే పిలుస్తాను. నిన్ను కన్ననాడు సోగాకు ఎవరో నాకు తెలియదు.

చలికి వేళ్ళు వాచి పగిలాయని రాశావు. మందు డబ్బా పంపుతున్నాను. పోయినసారి పంపిన తీపి బిళ్ళలు అందరికీ పంచేస్తే నీ వంతుకు సగం బిళ్ళ వచ్చిందని రాశావు కదా, మరి ఈ మందును కూడా అందరూ తలా కాస్తా పూసుకుంటారా? అలాగైతే నీ ఎడమచేతి చిటికెన వేలికి వచ్చేంతే మిగులుతుంది. అందుకే పెద్ద డబ్బా కొన్నాను. నెలమొదటి దీక్ష ముగిసేదాకా ఉత్తరాలు ఇవ్వరని తెలుసు కాబట్టి ఆగి రాస్తున్నాను. ఆ వారమంతా పడుకోకుండా ధ్యానంలో కూర్చున్నారట కదా. నీ వయసులో నేను కూడా నిన్ను ఎత్తుకుని అలాగే కూర్చున్నాను, నాకెవరూ గంట కొట్టలేదు.

నీ ఉత్తరంలో చివరి మాట చదివాను. దానికి జవాబు కూడా చివర్లోనే రాస్తాను. కోపం తెచ్చుకోకు. ముందు నువ్వడిగిన మిగతావన్నీ చెబుతాను.

హాల్లో కరావొకే పాటలవాళ్ళూ సంవత్సరీకంవాళ్ళూ కొట్టుకున్నారా అని అడిగావు. కొట్టుకోలేదు. కానీ అంతకంటే ఎక్కువే జరిగింది. పోయిన ఉత్తరంలో సిగ్గేసి సగమే రాశాను.

మా ఆఫీసు రాసిపెట్టిన బుకింగు ప్రోగ్రాముతోనే చెరువుకట్ట దగ్గరి హాలు నడుస్తుందని నీకు తెలుసు. ఆ రోజు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంటదాకా పెద్ద గది కొనిషిగారి ఇంటివాళ్ళది. ఆయన పోయి ఏడాది. బూడిద వన్నె తివాచీ మీద నల్లబట్టలతో బంధువులంతా కూర్చున్నారు, పురోహితుడు మంత్రం ఎత్తుకున్నాడు. పదింటికి తలుపు జరిపి ఒమురాగారు లోపలికొచ్చింది. మన వీధి చివరి ఒమురాగారే, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒంటినిండా మెరుపు బిళ్ళలు కుట్టిన ఊదారంగు కిమోనో. వెనక ఆమె బృందం, వాళ్ళ వెనక చక్రాల బండి మీద పాటల పెట్టె. పది నుంచి పన్నెండుదాకా ఆ గది తమదేనని ఆమె ఫోనులో చూపించింది. కొనిషిగారి భార్య కూడా ఫోను తీసి చూపించింది. రెండు ఫోన్లూ నిజమే చెబుతున్నాయి.

హాలువాళ్ళు ఫోను చేస్తే నేనూ, మా ఆఫీసు ఫుకుమాగారూ కారులో పరిగెత్తాం. మేం వెళ్ళేసరికి మాటలు ఇలా నడుస్తున్నాయి.

"మావారికి పాటలంటే అసలు పడేది కాదండీ," అంటోంది కొనిషిగారి భార్య, కళ్ళొత్తుకుంటూ.

"పడకపోతే లేచి వద్దనమనండి," అంది ఒమురాగారు. "మేం వెళ్ళిపోతాం."

పురోహితుడు జపమాల తిప్పడం ఆపేశాడు. నేను, ఫుకుమాగారు క్షమాపణగా నుదుళ్ళు తివాచీకి ఆనించి అలాగే ఉండిపోయాం, తలెత్తే ధైర్యం లేక. అప్పుడు వినబడింది, ముందు దగ్గులా, తర్వాత వెక్కిళ్ళలా. కొనిషిగారి భార్య ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది! ఆపుకోలేక పక్కనున్న తమ్ముడి భుజం పట్టుకుని నవ్వుతోంది. "అలా లేచి వద్దనే మనిషేనండీ ఆయన, అచ్చం అలాగే," అంటోంది. తమ్ముడు మాత్రం ఎర్రబడిపోయి ఫుకుమాగారిని హాలు బయటికి తీసుకెళ్ళి, ఆయన చెవులు వాచేదాకా తిట్టాడు. ఒమురాగారి బృందం వెనక వరసలో కూర్చుని మంత్రం అయ్యేదాకా చేతులు జోడించే ఉన్నారు. మెరుపు బిళ్ళల వెలుతురు పురోహితుడి గుండు మీద ఆడుతూనే ఉంది.

కారులో తిరిగొస్తూ సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఫుకుమాగారు అన్నాడు:

"మిత్సుయోగారూ, రెండు బుకింగులు గుద్దుకుంటున్నాయా అని చూసే ఈ పోలిక మన ప్రోగ్రాములో ఎన్నిచోట్ల ఉంది?"

వెతికాను. నాలుగుచోట్ల ఉంది, నాలుగు రకాలుగా ఉంది. తప్పినది ఫుకుమాగారు రాసింది. నేను రాసిన దానిలో వేరే తప్పుంది, ఇంకా ఎవరికీ దొరకలేదు అంతే.

నేను నా పని గురించి ఎప్పుడు చెప్పినా నీకు నిద్రొచ్చేది. ఈసారి అడిగింది నువ్వే కాబట్టి కూర్చుని చదువు. అక్కడ నిన్ను కూర్చోవడం నేర్పడానికే ఉంచుకున్నారు కదా.

ఫుకుమాగారి పోలిక ఏమడుగుతుందంటే: పాత బుకింగు మొదలు కొత్తదాని గంటల్లో పడిందా? దాని చివర కొత్తదాని గంటల్లో పడిందా? రెండూ కాకపోతే గది ఖాళీ. వినడానికి బాగానే ఉంది. కానీ కొనిషివాళ్ళది తొమ్మిదికి మొదలు, ఒంటిగంటకు చివర. ఒమురాగారిది పది నుంచి పన్నెండు, పూర్తిగా దాని కడుపులో ఉంది. పెద్దదాని మొదలూ చివరా రెండూ బయటే ఉన్నాయి కాబట్టి గది ఖాళీ అని ప్రోగ్రాము సంతోషంగా చెప్పేసింది.

మేం ప్రోగ్రాములు రాసే భాష మెజిరో. పిట్ట పేరు పెట్టారేమిటని నువ్వు చిన్నప్పుడు పకపకా నవ్వేవాడివి, అదే. అందులో "ఇక్కడి నుంచి అక్కడిదాకా" అని చెప్పడానికి రేంజ్ అని ఒకటుంది. పదిన్నర ఇందులో ఉందా అని దాన్ని అడగవచ్చు. ఈ రేంజ్ ఆ రేంజ్‌ను మొత్తంగా మింగిందా అని అడగవచ్చు. ఈ రెండూ ఎక్కడైనా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని మాత్రం అడగలేం. అది ఎవరికి వాళ్ళు చేత్తో రాసుకోవాలి, ఎవరికి వాళ్ళు తప్పు రాసుకోవాలి. ఇన్నేళ్ళుగా లోకమంతా రాసుకుంటూనే ఉన్నారు.

సరైన పోలిక నిజానికి చిన్నది. మొదటిది ముగియకముందే రెండోది మొదలవ్వాలి, రెండోది ముగియకముందే మొదటిది మొదలవ్వాలి. రెండూ నిజమైతే గొడవ ఉన్నట్టే. దీన్ని భాషలోనే పెట్టమని, పేరు ఓవర్‌లాప్ అని, మెజిరో వాళ్ళ ఆన్‌లైన్ చర్చా వేదికలో ప్రతిపాదన రాశాను. యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఎప్పుడూ వాళ్ళు పెట్టిందే తిన్నాను కానీ వంట గురించి మాట్లాడలేదు. రాసి పంపే మీట నొక్కి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి పారిపోయాను.

తిరిగొచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. హొకజోనొ అని ఒకాయన. ఒకటే వాక్యం.

"ఖాళీ రేంజ్ సంగతేమిటి?"

ఖాళీ రేంజ్ అంటే పది నుంచి పదిదాకా అని బుక్ చేసుకోవడం. మొదలూ చివరా ఒకటే, మధ్యలో ఏమీ లేదు. అది దేనిమీదా పడదు, ఎవరూ రారు కాబట్టి, అని వివరంగా రాశాను. ఉదాహరణలు ఇచ్చాను. బొమ్మ కూడా గీసి పెట్టాను.

ఆయన జవాబు: "అర్థమైంది. ఖాళీ రేంజ్ సంగతేమిటి?"

కజుమా, నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా పెద్దగా రాశాను. మధ్యలో ఎవరెవరో వచ్చి పేరు బాగాలేదన్నారు, ఇంటర్‌సెక్ట్ అంటే బాగుంటుందన్నారు, తాకుతుందా అనాలన్నారు. ఒకాయన అసలిది భాషకు బరువు అన్నాడు. వాళ్ళందరికీ ఓపికగా జవాబిచ్చాను. ఈ హొకజోనొ మాత్రం వారానికోసారి గోడ మీద బల్లిలా ప్రత్యక్షమై అదే ముక్క అనేవాడు. నా మనసులో ఆయనకు తెల్లగడ్డం పెట్టాను, యూనివర్సిటీలో గది ఇచ్చాను, విద్యార్థులను ఏడిపించే అలవాటు కూడా ఇచ్చాను.

అప్పుడే కదా నేను నీకు రాసింది, ఖాళీ గురించి మీ మఠంలో బాగా తెలిసినవాళ్ళుంటారు, మీ పెద్దగురువుగారిని అడిగి చెప్పు, అని. ఆయన "అడిగినవాళ్ళను వెళ్ళి కట్టెలు కొట్టమను," అన్నారని నువ్వు రాశావు. దాన్ని ఉన్నదున్నట్టు చర్చలో పెట్టేశాను, ఒక పెద్దాయన మాట అని. మొత్తం చర్చలో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే. హొకజోనొ కూడా మెచ్చుకున్నాడు. మెచ్చుకుని కింద రాశాడు: "కొట్టి వచ్చాను. ఖాళీ రేంజ్ సంగతేమిటి?"

పోయిన శనివారం ఒసాకాలో మెజిరో వాళ్ళు నేరుగా కలిసే సమావేశం జరిగింది. ప్రతిపాదించినవాళ్ళు వచ్చి మాట్లాడవచ్చని పిలిచారు. ఫుకుమాగారు "వెళ్ళండి, మన పరువు కొంచెమైనా వెనక్కి తెండి," అన్నాడు. కొండల మధ్య ఆ రైలు ఎలా ఊగుతుందో నీకు తెలుసు. ఒకయామా చేరేదాకా నేను కిటికీ అద్దానికి తల ఆనించి, హొకజోనొను ఎలా కడిగెయ్యాలో మాటలు పేర్చుకుంటూ వెళ్ళాను.

సమావేశం ఒకొనొమియాకి అట్లు కాల్చే ఒక కొట్టు పైన అంతస్తులో. కిందినుంచి క్యాబేజీ కాలే వాసన, పైన ఇరవైమందిదాకా కంప్యూటర్లు ముందేసుకుని. మెజిరోను పుట్టించిన కిర్యూగారు మూల కుర్చీలో ఉన్నారు. ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పిన ఆవిడ, డెబ్బై దాటాయి, ఇప్పటికీ ఎవరైనా ఎక్కువ మాట్లాడితే కళ్ళద్దాల పైనుంచి చూస్తారు.

నా వంతు వచ్చింది. తయారుచేసుకున్న మాటలన్నీ రైల్లోనే ఉండిపోయాయి. కరావొకే కథ చెప్పాను, ఇప్పుడు నీకు చెప్పినట్టే. "లేచి వద్దనమనండి" దగ్గర కిర్యూగారు చేత్తో నోరు మూసుకున్నారు.

"అవసరం అర్థమైంది," అన్నారు తర్వాత. "అయితే ఖాళీ రేంజ్ మాట అలాగే ఉండిపోయిందే. హొకజోనొ వచ్చాడా?"

వెనక వరసలోంచి ఒకతను లేచాడు. కజుమా, గడ్డం లేదు. నీ ఈడువాడు, ఇంకా చిన్నవాడేనేమో. గుండెకు కట్టుకున్న సంచీలో పసిపాప. పాప నోట్లో అతని చొక్కా బొత్తాం.

"మీరా హొకజోనొ?" అన్నాను, అందరి ముందూ.

"అవునండీ. మీకు నా మీద కోపంగా ఉందని తెలుసు," అన్నాడు కగొషిమా యాసలో, వంగబోయి పాప ఉందని సగంలో ఆగి. "మా పాప పడుకున్నప్పుడే టైపు చేస్తాను, అదీ ఒక్కచేత్తో. అందుకే ఒక్క వాక్యం దాటదు."

"ఒక్క వాక్యమైనా మార్చి రాయవచ్చు కదా!"

"రాద్దామనుకునేలోపు లేచేస్తుందండీ."

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు, ఇంకా కోపం ఉంచుకుందామనే చూస్తున్నాను. అతను నా పక్కకొచ్చి కూర్చుని, నేను పంపిన కోడ్‌ను నడిపాడు. తొమ్మిది నుంచి ఒంటిగంటదాకా ఒక బుకింగు. పది నుంచి పదిదాకా ఇంకొకటి. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా?

తెర మీద "అవును" అని వచ్చింది.

మళ్ళీ నడపమన్నాను. మళ్ళీ అవును.

చూస్తే అంతే కదా, పది కాకముందే తొమ్మిది వచ్చింది, ఒంటిగంట కాకముందే పది వచ్చింది, నా చిన్న పోలికకు రెండూ నిజమే. నెలల తరబడి పేజీలకు పేజీలు "పడదు, పడదు" అని నేను రాస్తుంటే, నా కోడ్ మాత్రం పక్కనే కూర్చుని "పడుతుంది" అంటోంది. ఆ అబ్బాయి నాకు ఎదురు చెప్పనే లేదు. నా కోడ్ నాకు ఎదురు చెబుతోందని చెప్పాలని చూశాడు, పాప పడుకున్న కాసేపట్లో. సెగ చెవుల దాకా వచ్చింది.

"మిత్సుయోగారూ," అన్నారు కిర్యూగారు, కళ్ళద్దాల పైనుంచి. "మీరు కాదంటున్నారు, మీ కోడ్ అవునంటోంది. మేం ఎవరి మాట వినమంటారు?"

"నా మాటే వినండి," అన్నాను. "దాన్ని నేను దారిలో పెడతాను."

"పది నుంచి పదిదాకా గది బుక్ చేసేవాళ్ళు నిజంగా ఎవరైనా ఉంటారా అసలు?" అని ఎవరో అడిగారు.

"ఎందుకుండరు, ఒమురాగారున్నారు! ఫోనులో బుక్ చేయడం నేర్చుకున్న కొత్తలో ఆవిడ వారానికోసారి అలాగే చేసేది. రాని మనిషి కోసం వచ్చే మనిషికి గది లేదనాలా?"

కిర్యూగారు తలూపారు. హొకజోనొ అప్పటికే కంప్యూటరు ముందుకు జరిగి, చేతులు చాలక పాపను చూశాడు, నన్ను చూశాడు. "ఇటివ్వండి," అన్నాను. పాపను నా భుజాన వేసుకుని నేను చెబుతూ ఉంటే అతను రెండు చేతులతో టైపు చేశాడు. రెంటిలో ఏ ఒక్కటి ఖాళీ అయినా ముందే కాదని చెప్పేయాలి, ఆ తర్వాతే పోల్చాలి. పన్నెండుకు ముగిసేదీ పన్నెండుకు మొదలయ్యేదీ తాకుతాయా అంటే, ఆ చివరి ఘడియ లోపలే ఉందని రాసుకుంటే తాకుతాయి, లేదంటే లేదు, మెజిరోలో ఆ గుర్తు ముందునుంచీ ఉంది. అతను నేను తలచుకోని చిక్కులు కూడా ఒకటొకటిగా తీశాడు. చివర లేని రేంజులు, మొదలు లేని రేంజులు. రెండు చేతులుంటే ఎంత మాటకారో! పాప నా కొత్త ఉన్ని చొక్కా మీద పాలు కక్కింది. ఉతికినా కొంచెం మరక ఉంది.

మళ్ళీ నడిపాం. "కాదు" అని వచ్చింది.

"చేర్చుకుందాం," అన్నారు కిర్యూగారు. "పేరు ఓవర్‌లాప్ అనే ఉంచండి. దీని మీద ఇంక వినే ఓపిక నాకు లేదు." అంతే. వచ్చే ఏడాది విడుదలలో ఉంటుంది. లోకంలో ఎక్కడెవరు మెజిరోలో బుకింగు రాసినా దాన్ని పిలవవచ్చు. కింద కొట్టులో అందరం ఒకొనొమియాకి తిన్నాం. హొకజోనొ భార్య రాత్రి డ్యూటీ నర్సట, శనివారాలు నిద్రపోనివ్వడానికి పాపను ఇలా తెస్తాడట.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ ఎందుకు సాగదీశానో నీకు తెలిసే ఉంటుంది.

కొట్టులో కిర్యూగారు నా పక్కన కూర్చుని, "రేంజ్ భాగాన్ని పట్టించుకునే మనిషి లేక రెండేళ్ళయింది, మీరు గనక..." అన్నారు. "చూసుకుంటాను," అన్నాను, ఆవిడ మాట పూర్తికాకముందే. ఎవరినీ అడగలేదు, ఆలోచించలేదు. ఇకమీదట నెలకో శనివారం ఒసాకా వెళ్తాను. రోజూ ఎవరో ఒకరి చిక్కులు విప్పాలి. కింది గదిలో వెలుతురు చాలదని నీ గదిలో బల్ల వేసుకున్నాను. నీ పరుపు చుట్టి అల్మరా పైన పెట్టాను. నీ పుస్తకాలు ముట్టుకోలేదు, వాటి మీద ప్రింటరు పెట్టాను.

ఇది కాదు నేను చెప్పలేకపోతున్నది. తిరుగు రైల్లో యొనగొ దాటాక చెరువు కనిపించినప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అప్పుడు తెలిసింది, పొద్దున ఒసాకాలో దిగినప్పటి నుంచి ఆ క్షణందాకా నువ్వు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నీ వేళ్ళు గుర్తు రాలేదు, తిన్నావో లేదో గుర్తు రాలేదు. నువ్వు పుట్టాక అలాంటి పూట నాకు లేదు. ఒక్క క్షణం గుండె ఝల్లుమంది, ఏం తల్లినిరా నేను అని. తర్వాత ఆకలేసింది. స్టేషనులో కొన్న గొడ్డుమాంసం అన్నం పొట్లం విప్పి మొత్తం తినేశాను.

ఏ తల్లీ కొడుక్కి రాయకూడని మాట ఇది. నీకెందుకు రాస్తున్నానంటే, నువ్వు పోయిన ఉత్తరం చివర రాశావు కదా, "అమ్మా, నువ్వు ఒక్కదానివే ఉన్నావు, చలికాలం పోగానే వచ్చేస్తాను" అని. చదివినరోజు నేను ఎగిరి గంతేశాను, అబద్ధం చెప్పను. వచ్చెయ్ అని కార్డు కూడా రాశాను. ఒసాకా నుంచి వచ్చాక దాన్ని చింపేశాను. నువ్వు అక్కడ గోడ వైపు తిరిగి కూర్చుని, ఇక్కడ నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నానని ఊహించుకుంటున్నావేమో. నేను అక్కడ లేను నాన్నా. చాలా పూటలు ఇంట్లోనే లేను.

చలి భరించలేక వస్తానంటే రా, గంజి కాచి పెడతాను. ఆ పెద్దగురువుగారంటే పడక వస్తానంటే రా, ఇద్దరం కలిసి తిట్టుకుందాం. ఆ జీవితం నీది కాదని తేలిపోయి వస్తానంటే అసలు కారణమే అడగను. నాకోసం అని మాత్రం రాకు. నీకు ఇంకా అక్కడ ఉండాలని ఉంటే ఉండు. నేను గుర్తు రాకుండా నువ్వూ ఒక పూట గడుపు. గడిపిన రోజు ఒక కార్డు ముక్క రాయి, చాలా సంతోషిస్తాను. కాసేపు ఏడుస్తాను కూడా, అది పట్టించుకోకు.

మందు గోరువెచ్చని నీళ్ళతో కడుక్కున్నాకే రాసుకో.

ఇట్లు,
పని ఉండి ఉత్తరం ఇక్కడితో ఆపుతున్న
నీ అమ్మ,
మిత్సుయో